‘డిమాండు’ నుండి ‘విన్నపం’ దాకా: ప్రభుత్వరంగ సంఘాల భాషలో అధికార క్షీణత (ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నేపథ్యం)

వ్యాస సంగ్రహం: ప్రభుత్వరంగ ఉద్యోగ, కార్మిక సంఘాల రాజకీయ బలం తగ్గిపోవడాన్ని సాధారణంగా ఆర్థిక, న్యాయ దృష్టితో వివరిస్తారు. ఆ క్షీణత సంఘాల తెలుగులో ఎలా నమోదైందో కడప జిల్లాలోని మూడు పట్టణాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. హక్కు పరిభాష మొదట ‘ప్రజలు’ అన్న మాటను వదులుకొని కేడరుకు పరిమితమైందనీ, ఆ తర్వాతనే దాన పరిభాష దాని స్థానాన్ని ఆక్రమించిందనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: కరపత్రం, హక్కు, విన్నపం, కానుక, విలీనం, గౌరవ వేతనం.

ప్రవేశిక

ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ రెండు కారణాల వల్ల ప్రసిద్ధం. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలపు శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా పండితులు నిర్ణయించినది, అక్కడ దొరికింది. ఇప్పటివరకు దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా దాన్ని భావిస్తున్నారు. రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉన్నదీ ఆ కలమళ్ళ వద్దనే. 1994లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ ప్రభుత్వరంగ సంస్థ గేటు ముందు మూడు దశాబ్దాలుగా మరో రకం తెలుగు వినబడుతున్నది. అది గేట్ మీటింగు తెలుగు, కరపత్రపు తెలుగు.

ఈ సామీప్యం యాదృచ్ఛికమే. అయినా అది ఒక ప్రశ్నకు తావిస్తుంది. రేనాటి చోళుల శాసనాల్లో ఎక్కువ భాగం దానాలను నమోదు చేసినవి. ఇచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, ఇచ్చిన నేల, దానాన్ని చెరిపినవానికి పట్టే పాపం వాటిలో ఉంటాయి. అంటే తెలుగులో బహిరంగ గద్యం దానం గురించి మాట్లాడడంతో మొదలైంది. హక్కు గురించి అది మాట్లాడడం చాలా ఆధునికమైన విషయం. ఇంత ఆలస్యంగా అలవడిన పరిభాష ఎంత లోతుగా పాతుకొన్నది? అడిగేవారి బలం తగ్గినప్పుడు ఆ భాష ఏమవుతుంది?

ఇప్పటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు చాలామేరకు నాటి రేనాటిలోనివే. మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఉపాధ్యాయ, ఎన్జీవో, విద్యుత్, మునిసిపల్ ఉద్యోగ సంఘాలున్నాయి. పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వరంగానికి చెందిన యురేనియం సంస్థ ఉంది. ఎర్రగుంట్లలో ఒకనాడు సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉండేది. 1998లో అది ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. ప్రభుత్వరంగం నిలిచిన, మారిన, చేయి జారిన దశలన్నీ ఈ చిన్న భూభాగంలో కనిపిస్తాయి.

పద్ధతి విషయంలో ఈ వ్యాసానికి స్థానికమైన ఆదర్శం ఉంది. కేతు విశ్వనాథరెడ్డి తమ పరిశోధనకు ‘కడప ఊర్ల పేర్లు’ వస్తువుగా ఎంచుకొన్నారు. సాహిత్యం అనిపించుకోని మాటల్లో సమాజ చరిత్ర నిక్షిప్తమై ఉంటుందన్న నమ్మకం ఆ ఎంపికలో ఉంది. ఊరి పేరుకు చెల్లిన న్యాయం కరపత్రానికీ చెల్లాలి.

1. కరపత్రం ఒక ప్రక్రియ

సాహిత్య చరిత్రలు కరపత్రాన్ని ఆధారంగా స్వీకరించినంతగా ప్రక్రియగా గుర్తించలేదు. నిజానికి దానికి స్థిరమైన నిర్మాణం ఉంది. మొదట శీర్షికగా ఒక పిలుపు, దాని కింద ‘కార్మిక సోదరులారా’ వంటి సంబోధన వస్తాయి. ఆపైన సమస్య పూర్వచరిత్ర, యాజమాన్యపు మాట తప్పిన వైనం, సంఖ్యలు వేసిన కోర్కెల పట్టిక, కార్యాచరణ తేదీలు, నినాదాలు వరుసగా ఉంటాయి. చివర వ్యక్తి పేరు కంటే ముందు ‘డిపో కమిటీ’, ‘డివిజన్ కమిటీ’ అన్న సమష్టి సంతకం ఉంటుంది. కావ్యానికి అవతారిక ఉన్నట్లే దీనికి పూర్వచరిత్ర, ఫలశ్రుతి ఉన్నట్లే నినాదాలు.

ఇది చదివి మడిచి పెట్టుకొనే రచన కాదు, గేటు దగ్గర గొంతెత్తి చెప్పవలసిన రచన. కాగితంపై ‘మంజూరు చేయాలి’ అని ఉన్నది మైకులో ‘ఇయ్యాల్సిందే’ అవుతుంది. శిష్టరూపానికీ సీమ పలుకుబడికీ మధ్య జరిగే ఈ మార్పిడిలో కోర్కె కాఠిన్యం పెరుగుతుంది. గేట్ మీటింగు బలమంతా ఆ చివరి ‘సిందే’లో ఉంటుంది.

పదజాలంలో మరో విశేషముంది. హక్కు, జిందాబాద్, ముర్దాబాద్ ఉర్దూ ద్వారా వచ్చాయి. డిమాండు, యూనియన్, నోటీసు, స్ట్రయికు ఇంగ్లీషు నుండి వచ్చాయి. సమ్మె, పోరాటం వంటి మాటలు మనవే అయినా, అధికారాన్ని నిలదీసే పరిభాషలో అధిక భాగం ఎరువు తెచ్చుకొన్నది. ఇందుకు భిన్నంగా, అధికారాన్ని వేడుకొనే పరిభాష మనకు పురాణ, కావ్య, శాసన సంప్రదాయం నుండి సమృద్ధిగా లభించింది: వరం, దయ, కటాక్షం, ప్రసాదం, అభిషేకం. ‘విజ్ఞాపనము’ తద్భవమైన ‘విన్నపము’ కూడా ఆ సంప్రదాయంలోదే. ఎరువు మాట నిలబడాలంటే దాని వెనుక నిత్యమైన ఆచరణ ఉండాలి. ఆచరణ సడలిన చోట పాత మాట తన స్థలాన్ని తిరిగి అడుగుతుంది.

2. మూడు వాక్యాలు

సంఘాల రచనల్లో ప్రధానంగా మూడు వాక్య నమూనాలు కనిపిస్తాయి. మొదటిది ‘ప్రభుత్వం వేతనాలు పెంచాలి’. రెండవది ‘వేతనాలు పెంచవలసిందిగా కోరుతున్నాము’. మూడవది ‘వేతనాలు పెంచినందుకు కృతజ్ఞతలు’.

మొదటి వాక్యంలో కర్త ప్రభుత్వం. క్రియ విధ్యర్థకం. కర్తను బాధ్యతకు కట్టివేసే శక్తి ఆ ‘ఆలి’లో ఉంది. ఆ శక్తి ఎవరిదో వాక్యం చెప్పదు, చెప్పనక్కరలేదు. రెండవ వాక్యంలో కర్త కార్మికుడే, కాని అతని పని కోరడం మాత్రమే. పెంచడం అనే క్రియ ఉపవాక్యంలోకి ఒదిగి, ఎదుటివారి ఇష్టంపై ఆధారపడింది. మూడవ వాక్యంలో పని జరిగిపోయింది. పెంచినవారున్నారు, కృతజ్ఞత ఉంది, అడిగినవాడు లేడు. పెంపుకు ముందు సమ్మె జరిగిందా, చర్చ జరిగిందా అన్న చరిత్రను ఆ వాక్యం తుడిచివేసింది.

ఈ మూడూ ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి. సమ్మె నోటీసు ఇచ్చిన సంఘమే మరునాడు వినతిపత్రం ఇవ్వగలదు. వాటి మధ్య నిష్పత్తి మారడమే గమనించవలసిన విషయం. ఒకప్పుడు వినతిపత్రం తొలి మెట్టు. ఆ తర్వాత నల్లబ్యాడ్జీలు, ధర్నా, రిలే నిరాహారదీక్ష, సమ్మె వరుసగా వచ్చేవి. ఇప్పుడు చాలా సందర్భాల్లో వినతిపత్రమే చివరి మెట్టు. అధికారికి పత్రాన్ని అందిస్తూ తీయించుకొన్న ఛాయాచిత్రంతో కార్యాచరణ ముగుస్తున్నది.

3. ‘మన’ నుండి ‘మా’కు

ఈ మార్పుకు పాలకులనే బాధ్యులను చేయడం సులభం. కాని సంఘాల భాషలోనే అంతకుముందొక సంకోచం జరిగింది.

1966 నాటి ఉద్యమం ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నది. అక్కడ హక్కుదారు ఉద్యోగి కాడు. కర్మాగారమే లేనప్పుడు ఉద్యోగి ఎక్కడివాడు? ప్రభుత్వరంగం ప్రజల ఆస్తి అన్న భావనకు తెలుగులో లభించిన అత్యంత క్లుప్తమైన రూపం అది. జమ్మలమడుగు ప్రాంతం ఆ నినాదాన్ని ‘కడప ఉక్కు రాయలసీమ హక్కు’గా మార్చుకొన్నది. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యాలను పరిశీలించమని ప్రభుత్వరంగ సంస్థ సెయిల్‌కు చెప్పింది. ఆ తర్వాత 2018 డిసెంబరులో కంబాలదిన్నె వద్ద, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె వద్ద ప్రభుత్వాలు శంకుస్థాపనలు చేశాయి. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో మళ్లీ భూమిపూజ జరిగింది. ఈసారి సంస్థ జేఎస్‌డబ్ల్యూ, ప్రైవేటుది. ‘హక్కు’ అన్న నినాదం ‘ప్రాజెక్టు’ అన్న వార్తగా మారింది. ప్రభుత్వరంగం అన్న విశేషణం రాలిపోయిన సంగతిపై పెద్ద చర్చే జరగలేదు.

సంఘాలు ఈ జారిపాటును ఎందుకు ఆపలేకపోయాయి? అప్పటికే వాటి హక్కు భాష ‘మన’ నుండి ‘మా’కు కుదించుకుపోయింది. పీఆర్సీ, డీఏ, ఫిట్‌మెంట్, ఇంక్రిమెంటు, సర్వీసు రూల్సు అనే మాటలు లోపలివారికి ప్రాణసమానం, బయటివారికి అర్థం కానివి. బస్టాండులో నిలబడిన రైతుకు, చేనేత కార్మికునికి ఆ పట్టికలో తన మాట ఒక్కటీ కనిపించదు. విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరిలో విడిపోయి కంపెనీలైనప్పటి నుండి ఒకే ప్రాంగణంలో పర్మినెంటు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు అనే మూడు రకాల మనుషులు తయారయ్యారు. సంఘం పలికే ‘కార్మిక సోదరులారా’ అన్న సంబోధన ఈ ముగ్గురిలో ఎవరిని ఉద్దేశించింది? ఈ ప్రశ్నకు చాలా కరపత్రాలు సూటిగా జవాబు చెప్పవు. కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ పట్టికలో ఉంటుంది, కాని సాధారణంగా చివరి సంఖ్యల్లో ఉంటుంది.

2013 సమైక్యాంధ్ర సమ్మెను ఇందుకు విరుద్ధోదాహరణగా చూపవచ్చు. ఆగస్టు 12 అర్ధరాత్రి నుండి దాదాపు రెండు నెలలు ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి, సీమ పట్టణాలు సంఘాల వెంట నడిచాయి. అప్పుడు ‘మన’ తిరిగి వచ్చింది. కాని ఆ ‘మన’ ప్రభుత్వరంగానిది కాదు, ప్రాంతానిది. విభజన ఆగలేదు. ఇంత పెద్ద సమ్మె కూడా నిర్ణయాన్ని మార్చలేదన్న జ్ఞాపకం తర్వాతి దశాబ్దమంతా సంఘాలను వెన్నాడింది.

4. విలీనం: కోర్కె తీరడం వల్ల కలిగిన మౌనం

ఆర్టీసీ ఉదాహరణను కొంత వివరంగా చూడాలి. 1958 జనవరి 11న ఏర్పడిన ఈ సంస్థలో సంఘ గుర్తింపు ఎన్నికలు డిపో జీవితంలో ప్రధాన ఘట్టాలు. ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్ మధ్య పోటీలో డ్రైవరు, కండక్టరు, మెకానిక్ రహస్య ఓటు వేసేవారు. గెలిచిన సంఘం వేతన ఒప్పందంపై సంతకం చేసేది. ‘ఒప్పందం’ అన్న మాటలోనే ఇద్దరు కర్తలున్నారు.

2015 మేలో ఎనిమిది రోజుల సమ్మె తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్ లభించాయి. సమ్మె, చర్చ, ఒప్పందం అన్న క్రమం పూర్తిగా పనిచేసిన చివరి సందర్భాల్లో ఇది ఒకటి.

నాలుగేళ్లకు, 2019లో, రెండు రాష్ట్రాల్లోనూ సంఘాల ప్రధాన కోర్కె ఒకటే: ప్రభుత్వంలో విలీనం. తెలంగాణలో అక్టోబరు 5న సమ్మె మొదలైంది. దాదాపు 48,000 మంది 52 రోజులు పనికి దూరంగా ఉన్నారు. విలీనం జరగకుండానే నవంబరు 25న సమ్మె ముగిసింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ప్రయోగించిన ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట వ్యాకరణ దృష్టితో పరిశీలించదగినది. తొలగించడం సకర్మక క్రియ. దానికి తొలగించే కర్త, తొలగే కర్మ వేర్వేరుగా ఉండాలి. ఈ మాట రెండింటినీ కార్మికునిలోనే కలిపివేసి, ప్రభుత్వాన్ని వాక్యం నుండి తప్పించింది. సమ్మె అనంతరం డిపోల్లో సంఘాల స్థానంలో ‘సంక్షేమ’ బోర్డులు వచ్చాయి. ప్రాతినిధ్యం అన్న మాట పోయి సంక్షేమం అన్న మాట వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో అదే కోర్కె సమ్మె లేకుండా నెరవేరింది. 2019లో చట్టం వచ్చింది, 2020 జనవరి 1 నుండి యాభై వేలకు పైగా సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. డిపోల ముందు ముఖ్యమంత్రి చిత్రపటాలకు పాలాభిషేకాలు జరిగాయి. ఉద్యోగ భద్రత చిన్న విషయం కాదు. నెల చివర జీతం వస్తుందో రాదో అని భయపడిన కుటుంబాల సంతోషాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయితే మారిన స్థితి కూడా గమనించాలి. ప్రభుత్వోద్యోగికి 1964 నాటి ప్రవర్తన నియమావళి వర్తిస్తుంది, అది సమ్మెను నిషేధిస్తుంది. సమ్మె చేసే ప్రాథమిక హక్కు ప్రభుత్వోద్యోగులకు లేదని 2003లో టి.కె. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్తింపు ఎన్నికకూ, ఇరుపక్షాల వేతన ఒప్పందానికీ పాత స్థానం మిగలలేదు.

సంఘం తన అతి పెద్ద కోర్కె తీరిన రోజునే తన ఉనికికి ఆధారమైన వాక్యాన్ని కోల్పోయింది. తెలంగాణలో ఓడి మౌనం వహించింది, ఆంధ్రలో గెలిచి మౌనం వహించింది. రెండవ మౌనాన్ని గుర్తించడం కష్టం, ఎందుకంటే అది కృతజ్ఞత రూపంలో ఉంది.

5. అన్న, కానుక, వరం

పులివెందుల ఈ చర్చకు ప్రత్యేకమైన స్థలం. 2019 నుండి 2024 దాకా ముఖ్యమంత్రి ఆ నియోజకవర్గ శాసనసభ్యుడే. అక్కడి ఉద్యోగికి ప్రభుత్వం అంటే దూరాన ఉన్న సచివాలయం కాదు, ‘అన్న’. ‘అన్న’ అన్న సంబోధన సీమ పలుకుబడిలో సహజమైనది, ప్రేమ, గౌరవం రెండూ కలిసినది. అది రాజకీయ భాషలోకి, పథకాల పేర్లలోకి వచ్చినప్పుడు దాని పని మారుతుంది. అన్నను అడగవచ్చు, బతిమాలవచ్చు, అలగవచ్చు. అన్నకు నోటీసు ఇవ్వడం మర్యాద కాదు. బంధుత్వ పరిభాష ఒప్పందపు పరిభాషను అమర్యాదగా మార్చివేస్తుంది.

ఇది ఒక పార్టీకి పరిమితమైన ధోరణి కాదు. 2015 సంక్రాంతికి ‘చంద్రన్న కానుక’ వచ్చింది, 2020లో ‘జగనన్న విద్యా కానుక’ వచ్చింది. ప్రభుత్వాలు వేరు, మాట ఒకటే. కానుకకు ఇచ్చేవాని ఔదార్యమే కొలత, పుచ్చుకొనేవాని అర్హత కాదు. ప్రబంధ పీఠికలో కృతిపతి వర్ణనకు ఉన్న స్థానమే నేటి కృతజ్ఞతా సభలో వక్తల ప్రసంగానికి ఉంది. తేడా ఒక్కటే. కవి తన కృతిని తానే ఇచ్చి ప్రతిఫలం పొందాడు. ఉద్యోగి తన శ్రమకు రావలసిన దాన్ని పొంది, అది దానమని ఒప్పుకొంటున్నాడు.

అయినా ఈ పరిభాషకు పగుళ్లు లేకపోలేదు. 2022 జనవరిలో ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అంతకుముందు ఇస్తున్న మధ్యంతర భృతి 27 శాతం. ఇంటి అద్దె భత్యం శ్లాబులూ తగ్గాయి. ఉద్యోగులు దీనికి ‘రివర్స్ పీఆర్సీ’ అని పేరు పెట్టారు. అధికార పరిభాషను తలకిందులు చేసి తిరిగి ప్రయోగించే శక్తి సంఘాలకు ఇంకా ఉందనడానికి ఈ పదకల్పన నిదర్శనం. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు ఆంక్షలను దాటుకొని వేలాదిగా తరలివచ్చారు. రెండు రోజులకు చర్చలు ముగిశాయి, సమ్మె విరమణ జరిగింది. ఫిట్‌మెంట్ 23 శాతంగానే ఉండిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు కొన్ని ఆ ఒప్పందాన్ని అంగీకరించలేదు. వీధిలో పుట్టిన మాట బలంగా ఉంది, చర్చల గదిలో అది నిలబడలేదు.

పెన్షన్ విషయంలోనూ ఇదే జరిగింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారికి వర్తించే సీపీఎస్‌ను రద్దు చేస్తామన్న ఎన్నికల హామీ, 2023లో జీపీఎస్ చట్టంగా పరిణమించింది. ‘రద్దు’ అన్న క్రియ స్థానంలో ‘గ్యారంటీ’ అన్న నామవాచకం వచ్చి కూర్చుంది.

సంఘాలకు ప్రత్యక్ష రాజకీయ స్థానమైన ఉపాధ్యాయ శాసనమండలి నియోజకవర్గాల్లోనూ మార్పు స్పష్టం. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ ఉపాధ్యాయ స్థానాన్ని సంఘాల అభ్యర్థులు కాక అధికార పార్టీ అభ్యర్థి గెలుచుకొన్నారు. సంఘం పేరుతో ఓటు అడిగే చోట పార్టీ పేరుతో అడగడం సాధ్యమైంది.

6. జీతగాళ్ల సాహిత్యంలో జీతగాడు

ఇక్కడ సాహిత్య విమర్శ తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంది. ఈ ప్రాంతపు సాహిత్యంలో గణనీయమైన భాగాన్ని నిర్మించినవారు జీతం మీద బతికినవారు. గడియారం వేంకటశేషశాస్త్రి, పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఉపాధ్యాయులుగా పనిచేశారు. కేతు విశ్వనాథరెడ్డి అధ్యాపకులు. నేటి కథకుల్లోనూ ఉపాధ్యాయులు అనేకులు. కరువు, ఫ్యాక్షన్, వలస, ఎండిపోయిన బావి వారి కలాల్లో జీవం పోసుకొన్నాయి. కాని తమ జీతాన్ని నిలబెట్టిన సంఘం, సమ్మె నాటి ఇంటి వాతావరణం, గేటు దగ్గర తెల్లవారుజామున చేరే గుంపు కథావస్తువులుగా అరుదు. ఉద్యోగి ఆ కథల్లో చూసేవాడుగా, చెప్పేవాడుగా ఉన్నాడు. తన గురించి చెప్పుకొనేవాడుగా తక్కువ.

దీనికి కారణం ఊహించవచ్చు. కరువు సీమలో నెల జీతం ఒక అదృష్టం. అదృష్టవంతుడు తన హక్కును గురించి రాయడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గులో నైతికత ఉంది. కాని దాని పర్యవసానంగా, ప్రభుత్వోద్యోగి అంటే ప్రజల సొమ్ము తినేవాడన్న ప్రచారం బలపడినప్పుడు దానికి ఎదురు నిలిచే సాహిత్య చిత్రం లేకపోయింది. పులివెందుల ప్రాంతపు పైడిపాళెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాట అర్థం విషయంలో రాజీ ఎరుగని విమర్శకులు. వారి వారసులమనుకొనే మనం ‘వరం’, ‘కానుక’, ‘సంక్షేమం’ అన్న మాటలు జీతం పక్కన చేరుతున్నప్పుడు ఆ నిశితత్వాన్ని ప్రదర్శించలేదు. ‘జీవితము’ నుండి వచ్చిన తద్భవం ‘జీతము’. ఆ మాటలో బతుకు ఉంది, భిక్ష లేదు.

7. గౌరవ వేతనం: కొత్త గొంతు

సంఘాల కాలం ముగిసిందని నిర్ధారించడానికి వీల్లేదని 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె చూపింది. 42 రోజులు సాగిన ఆ సమ్మెలో ఉన్నవారు ఉద్యోగులుగా గుర్తింపు లేనివారు. వారికి ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. 2024 జనవరి 6న ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. భాషాపరంగా ఇదొక వైరుధ్యం. జీతం అడిగినప్పుడు వారు స్వచ్ఛందంగా సేవ చేసే కార్యకర్తలు, పని ఆపినప్పుడు అత్యవసర సేవల సిబ్బంది. ‘గౌరవం’ అన్న విశేషణం తక్కువ డబ్బును కప్పిపుచ్చే ముసుగని వారి సమ్మె వెల్లడించింది.

పర్మినెంటు ఉద్యోగుల సంఘాలు వాడడం తగ్గించిన ‘ఇవ్వాలి’ అన్న వాక్యం ఈ స్త్రీల నోట తిరిగి వినబడింది. పైగా వారి సమ్మె పసిపిల్లలకు, బాలింతలకు అందే ఆహారంతో ముడిపడినది కాబట్టి ‘మా’, ‘మన’ మధ్య దూరం తక్కువ.

ముగింపు

భాష మారడం వల్ల సంఘాలు బలహీనపడ్డాయని ఈ వ్యాసం వాదించడం లేదు. కంపెనీలుగా విభజన, కాంట్రాక్టు నియామకాలు, న్యాయస్థానాల తీర్పులు, నాయకత్వాల పార్టీ అనుబంధాలు అసలు కారణాలు. అయితే ఆ బలహీనతను అనుభవిస్తున్నవారికే అది కనబడకుండా చేయడంలో భాషకు పాత్ర ఉంది. ఓటమికి కృతజ్ఞత అని పేరు పెట్టినప్పుడు ఓటమిని చర్చించడానికి మాటలు ఉండవు.

హక్కు భాష మొదట ప్రజలను వదిలింది, తర్వాత కాంట్రాక్టు కార్మికుణ్ణి వదిలింది. ఒంటరిగా మిగిలిన తర్వాతనే అది విన్నపంగా మారింది. కాబట్టి సంఘాల పునర్బలం ‘డిమాండు’ అన్న మాటను మరింత గట్టిగా పలకడంలో లేదు. ఆ వాక్యంలోకి ఎవరెవరిని తిరిగి చేర్చుకోగలరన్న దానిలో ఉంది.

తెలుగు శాఖలకూ ఇందులో ఒక బాధ్యత ఉంది. శాసనాన్ని రాతిపై చెక్కారు కాబట్టి పద్నాలుగు శతాబ్దాలు నిలిచింది. కరపత్రం పలుచని కాగితం. డిపో కార్యాలయాల బీరువాల్లో, విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలో చెదలు పడుతున్న ఆ కట్టలను సేకరించి, తేదీల వారీగా భద్రపరచి, పాఠ్యంగా అధ్యయనం చేయవలసిన సమయమిది. లేకపోతే కలమళ్ళలో దానం చేసిన రాజుల తెలుగు మిగులుతుంది, అదే నేల మీద హక్కు అడిగినవారి తెలుగు మిగలదు.